నీరెండలో ఉప్పునీటి అక్వేరియం: తూర్పు కిటికీ ఉన్నవాళ్ళకు

మా ఇల్లు హైదరాబాద్ నల్లకుంటలో, మూడో అంతస్తు, తూర్పు ఫేసింగ్. కొనేటప్పుడు ఆ తూర్పు కోసమే చదరపు అడుక్కి కాస్త ఎక్కువ పెట్టాం. కొన్నాక అందరూ చేసే పనే మేమూ చేశాం. సోఫా రంగు వెలిసిపోతుందని, టీవీ మీద వెలుగు పడుతోందని ఆ కిటికీకి మందపాటి కర్టెన్ బిగించి, పట్టపగలు ట్యూబులైటు వేసుకుని ఆరేళ్ళు కాపురం చేశాం. చివరికి ఆ కర్టెన్ తీయించింది ఒక మూడడుగుల గాజు ట్యాంకు.

సముద్రపు చేపలు పెంచేవాళ్ళను ఎవర్ని అడిగినా మొదట చెప్పే మాట ఒకటే: "ట్యాంకు మీద ఎండ పడనివ్వకండి." నాచు పట్టేస్తుంది, నీళ్ళు వేడెక్కుతాయి అంటారు. రెండూ నిజమే. కానీ రోజంతా కాసే ఎండ వేరు, పొద్దున్నే ముప్పావుగంట పడే నీరెండ వేరు. ఆ ముప్పావుగంటను ఎలా రానివ్వాలో, ఎక్కడ తెగ్గొట్టాలో నాలుగేళ్ళుగా నేర్చుకున్నది రాస్తున్నాను. ఆఫీసుకి ఎనిమిదీ నలభై ఐదుకి బయల్దేరే మనిషిని. నాకు రోజులో తీరిగ్గా కూర్చునే సమయం అదొక్కటే.

చోటుతో మొదలుపెడతాను. మిగతావన్నీ తర్వాతైనా మార్చుకోవచ్చు గానీ నీళ్ళు నింపిన ట్యాంకును జరపలేం. మాది మూడడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. లెక్క కడితే 190 లీటర్లు. రాళ్ళూ ఇసుకా పోను, పైన వదిలిన ఖాళీ పోను, నీళ్ళు 150 లీటర్లు. గాజు, స్టాండు అన్నీ కలిపితే బరువు 250 కిలోలు దాటుతుంది. కాబట్టి బాల్కనీ ఆలోచన మానుకోండి. గదిలో, బీమ్‌కి దగ్గరగా, నేల మట్టం చూసుకుని పెట్టండి. పాత బిల్డింగయితే ఒకసారి సివిల్ ఇంజినీరును పిలిచి చూపించడం మంచిది.

మా ఇంట్లో మాత్రం బరువు కంటే వాస్తు పెద్ద గొడవైంది. ఆ కిటికీ ఉన్నది ఈశాన్యం మూల. "ఈశాన్యంలో నీళ్ళుంటే మంచిదేనమ్మా" అన్నారు అత్తయ్య. "ఈశాన్యంలో బరువుండకూడదు" అన్నారు మావారు. నీళ్ళే బరువైనప్పుడు ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. వాళ్ళు తేల్చుకునేలోపు నేను స్టాండు దింపించేశాను.

కిటికీకి ఆనించి మాత్రం పెట్టకండి. రెండడుగులు ఖాళీ వదలండి. మొదట నేను అరడుగే వదిలాను. పంపు దగ్గర ఎగిరే ఉప్పు తుంపరకి ఏడాది తిరక్కుండానే కిటికీ గ్రిల్ పెచ్చులూడింది, కర్టెన్ కింది అంచు తెల్లగా అట్టకట్టింది. ట్యాంకంతా ఖాళీ చేసి మళ్ళీ జరిపించాల్సి వచ్చింది. రెండడుగుల సందుంటే ఇంకో లాభం, అందులో చిన్న స్టూలు పడుతుంది. ఎండను వీపు వైపు పెట్టుకుని చేపల్ని చూడాలంటే అక్కడే కూర్చోవాలి. దాని సంగతి తర్వాత చెప్తాను.

ట్యాంకు పొడుగు వైపు కిటికీకి ఎదురుగా ఉండాలి. వెనకద్దానికి షాపువాళ్ళు అంటించే నీలం స్టిక్కరు వద్దనండి. రెండు వైపులా తెరిచి ఉంటేనే వెలుగు ఆరపార పోతుంది. పొద్దుటి ఎండ వాలుగా వస్తుంది కాబట్టి నిలువు అద్దానికి దాదాపు సూటిగా తగిలి చాలావరకు లోపలికి వెళ్ళిపోతుంది. రాళ్ళను గోడలా పేర్చారంటే ఆ వెలుగంతా గోడకే. మధ్యలో, తక్కువ ఎత్తులో, చెయ్యి దూరేంత సందులు వదులుతూ పేర్చండి.

ఇక నీళ్ళు. "అంత ఖరీదు పెట్టి ఉప్పు ప్యాకెట్లు ఎందుకమ్మా, నాలుగు దోసిళ్ళు కల్లుప్పు వేస్తే పోలా?" అని అత్తయ్య మొదటిరోజే అడిగారు. పోదు. కల్లుప్పులో దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీళ్ళలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు, బైకార్బనేటు కూడా ఒక పాళ్ళలో ఉంటాయి. మెరైన్ సాల్ట్ అని అడిగి కొనండి. లీటరుకి 35 నుంచి 38 గ్రాములు, అంటే మా ట్యాంకుకి ఐదున్నర కిలోల దాకా పట్టింది. కలిపే నీళ్ళు శుద్ధంగా ఉండాలి. మా బోరు నీళ్ళలో మీటరు పెడితే టీడీఎస్, అంటే కరిగిన లవణాల లెక్క, 800 చూపిస్తుంది. వంటింటి ఆర్వో నీళ్ళలో కూడా రుచి కోసం కొంత టీడీఎస్ ఉంచుతారు కాబట్టి నేరుగా పనికిరావు. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి తగిలిస్తే సున్నాకి దిగుతుంది. మా బావగారు పాపం సూర్యలంక నుంచి కారు డిక్కీలో నాలుగు క్యాన్ల సముద్రపు నీళ్ళు మోసుకొచ్చారు. ఒడ్డు దగ్గరి నీళ్ళలో బురదా, క్యాన్లో చచ్చి కుళ్ళే సూక్ష్మజీవులూ ఉంటాయని ఆయనకెలా చెప్పను? మొహమాటానికి తీసుకుని, రాత్రి అందరూ పడుకున్నాక బాత్రూములో పారబోశాను.

ఉప్పదనం కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కొనుక్కోండి. చౌకగా దొరికే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ ముల్లు రోజుకో మాట చెబుతుంది. రిఫ్రాక్టోమీటర్‌ను వెలుగుకెత్తి చూడాలి కాబట్టి అదీ నా పొద్దుటి పనుల్లో ఒకటైంది. స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే మంచినీళ్ళతో పోలిస్తే ఎంత బరువో ఆ అంకె, 1.025, 1.026 మధ్య ఉంటే చాలు. ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు. కొత్త ట్యాంకులో పుట్టే విషాలు అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకి వచ్చేదాకా, అంటే సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు, చేపల్ని వేయకూడదు. ఈ సంగతి అందరూ చెప్పేదే, నేను సాగదీయను.

నేను చెప్పేదల్లా ఒకటి: మొదటి రెండు నెలలు కర్టెన్ జోలికి పోకండి. కొత్త ట్యాంకులో ఇసుక మీద గోధుమరంగు పొర ఎలాగూ పడుతుంది. దానికి ఎండ కూడా తోడైతే ఇక మీ చేతుల్లో ఉండదు. ఆ తర్వాత రోజుకి పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుతూ నలభై ఐదు దగ్గర ఆపండి.

ఏం పెంచాలి అన్నదానికి ముందు ఏం పెంచకూడదో చెప్పాలి. రాతి కోరల్స్ (పగడపు దిబ్బలు కట్టేవి), నల్ల కోరల్స్, విసనకర్రల్లాంటి సీ ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. షాపు వెనక గదిలోకి తీసుకెళ్ళి గుట్టుగా చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి. మా ట్యాంకులో రాళ్ళు కూడా పొడి రాళ్ళే, సముద్రంలోంచి తీసినవి కావు. చేపలు నాలుగే. హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్‌లు రెండు, నీలం డామ్సెల్ ఒకటి, తెల్లటి ఒంటికి ఎర్ర తోకున్న ఫైర్‌ఫిష్ ఒకటి. వీటితోపాటు ఒక క్లీనర్ రొయ్య, ఐదు హెర్మిట్ పీతలు, ఒక మూల నెట్ వెనక కీటోమార్ఫా అనే పచ్చటి నాచు. అది చూడ్డానికి చిక్కుపడ్డ నైలాన్ దారం ఉండలా ఉంటుంది. క్లౌన్ ఫిష్‌లను హేచరీలో పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవాళ్ళు ఎప్పుడో రూపొందించారు. కాబట్టి సముద్రంలో పట్టినవి కాకుండా హేచరీవే కావాలని గట్టిగా అడగండి. డామ్సెల్ చిన్నదే గానీ రౌడీ. దాన్ని అందరికంటే చివర వేయండి, లేకపోతే ట్యాంకంతా తనదే అనుకుంటుంది.

కిటికీకి రెండు కర్టెన్లు కావాలి, రెండు రాడ్ల మీద. లోపల మందపాటిది, బయట పల్చటి తెల్లది. నేను మొదట్లో ఉన్న ఒక్క మందపాటి కర్టెన్‌ను బర్రున లాగేదాన్ని. ఒకరోజు ఫైర్‌ఫిష్ బెదిరి ఒక్క ఎగురు ఎగిరింది. పైన సన్న నెట్ బిగించి ఉంది కాబట్టి మళ్ళీ నీళ్ళలోనే పడింది. అందుకే ఇప్పుడు ముందు గదిలో మామూలు లైటు వేస్తాను. పది నిమిషాలాగి మందపాటి కర్టెన్ తీస్తాను. ఎండ వచ్చే వేళకు పల్చటిది తీస్తాను. ఈలోపు మేత వేయొద్దు. రాత్రంతా చేపలూ నాచూ కూడా ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. కాబట్టి తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్, పీహెచ్ రెండూ రోజు మొత్తంలో తక్కువగా ఉంటాయి. వెలుగు పడి నాచు పని మొదలుపెట్టాక అవే కోలుకుంటాయి.

మాకెదురుగా రెండంతస్తుల పాత ఇల్లు, దాని పెరట్లో పెద్ద వేపచెట్టు ఉన్నాయి. సూర్యోదయమైన నలభై నిమిషాలకు ఎండ ఆ కొమ్మలు దాటుతుంది. ముందు నేను చూసేది ట్యాంకును కాదు, కిటికీకి ఎదురుగా ఉన్న మా హాలు గోడను. సూర్యుడు పది డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు నీటి పైభాగానికి తగిలిన వెలుగులో మూడో వంతు లోపలికి దిగనే దిగదు, అద్దం మీద పడ్డట్టు తిరిగి పైకి పోతుంది. మా హాలు పద్నాలుగు అడుగులు. ఆ వెలుగు పోయి గోడ మీద క్యాలెండర్ దగ్గర పడుతుంది. నీళ్ళు కదులుతుంటే గోడ మీద బంగారు వల అల్లుతున్నట్టే ఉంటుంది. సూర్యుడు ఎక్కేకొద్దీ ఆ వల క్యాలెండర్ దాటి, గడియారం దాటి, పాలిపోతూ సీలింగ్ వైపు పాకుతుంది. అది సీలింగ్ అంచుకి తగిలేసరికి సరిగ్గా ముప్పావుగంట అవుతుంది. నాకు అలారం అక్కర్లేదు, వల సీలింగ్ తాకితే కర్టెన్ వేసేయడమే. మీ హాలు పొడవును బట్టి మీ గుర్తు వేరేచోట ఉంటుంది. ఒక ఆదివారం కూర్చుని పెన్సిల్‌తో గోడ మీద గీసుకోండి.

రెండో వింత నేల మీద. నీటి పైభాగంలోంచి దిగిన వెలుగు గది వైపు అద్దంలోంచి బయటికొస్తే నీళ్ళు పట్టకంలా పనిచేస్తాయి. స్టాండుకి సుమారు రెండడుగుల దూరంలో టైల్స్ మీద ఒక వెలుగు పట్టీ పడుతుంది. గది వైపు అంచున ఎరుపు, ట్యాంకు వైపు అంచున ఊదా, మధ్యలో తెలుపు. మొదట్లో అంతవరకే వచ్చేది. ఏడు రంగులూ నిండుగా రావాలంటే చిన్న కిటుకుంది. పైన నెట్ మీద రెండు అట్టముక్కలు పరిచి, ట్యాంకు పొడుగునా, గది వైపు అద్దానికి దగ్గర్లో రెండు వేళ్ళ సందు మాత్రం వదలండి. పంపు రెండు నిమిషాలు ఆపండి. నీళ్ళు నిలకడ కాగానే రంగులు విడివిడిగా నిలబడతాయి. పంపు మళ్ళీ వేయడం మర్చిపోకండి, ఫోన్లో టైమర్ పెట్టుకుని మరీ చేయండి. ఇదంతా సూర్యోదయమైన రెండు గంటల్లోపే. సూర్యుడు ఇంచుమించు 28 డిగ్రీలు దాటాడంటే ఆ వెలుగు అద్దంలోంచి బయటపడలేక లోపలికే తిరిగిపోతుంది. అత్తయ్య సరిగ్గా అక్కడే కుర్చీ వేసుకుని విష్ణుసహస్రనామం చదువుకుంటారు. రంగులు పాదాల మీద పడితే కాళ్ళు కదపరు. "వెళ్ళిపోయిందా?" అని అడిగి, అప్పుడు లేస్తారు.

ఇక ట్యాంకులోకి. గది వైపు కూర్చుంటే ఎండ మీకెదురుగా, చేపల వెనక ఉంటుంది. రంగులు తగ్గుతాయి గానీ రూపాలు తెలుస్తాయి. రొయ్య ఒళ్ళు పల్చటి పటికబెల్లంలా అయి, మీసాలు తెల్లటి దారాల్లా వెలుగుతాయి. అది రాతి సందులోంచి బయటికొచ్చి, ముందు రెండు కాళ్ళతో ఒక్కో మీసాన్ని మొదలు నుంచి చివరిదాకా దువ్వుకుంటుంది. కిందటిసారి చూసినప్పుడు లెక్కపెట్టాను, ఒక మీసానికి పద్నాలుగు సెకన్లు పట్టింది. అద్దం మీద ఆవగింజలో పదో వంతు తెల్లటి చుక్కలు గెంతుతూ కనిపిస్తే అవి కోపీపాడ్లనే బుల్లి జలచరాలు, కంగారు పడకండి, చేపలకు అదే టిఫిన్. నాచు ఉండ మీద ఎండ పడిన పావుగంటకి వెండి పూసల్లా బుడగలు పుడతాయి. అది ఆక్సిజనే. బుడగలు ఎక్కువైనరోజు ఉండ మొత్తం మెల్లగా పైకి తేలుతుంది. ఈ ఎదురెండలో నీళ్ళ మురికి కూడా దాగదు. వెలుగు చారలో దుమ్ములా రేణువులు తిరుగుతుంటే ఫిల్టర్ గుడ్డ మార్చే రోజొచ్చిందని అర్థం.

ఇప్పుడు స్టూలు. కిటికీకీ ట్యాంకుకీ మధ్య సందులో, మీ నీడ ట్యాంకు మీద పడకుండా ఒక చివరికి జరిగి కూర్చోండి. ఎండ భుజం మీంచి వెళ్ళి చేపల మీద పడుతుంది. డామ్సెల్‌ను చూడాల్సింది ఇక్కడి నుంచే. దాని నీలం మన బట్టలకేసే రంగులాంటిది కాదు. చర్మంలో గ్వానిన్ అనే పదార్థపు పలుచటి పలకలు పొరలు పొరలుగా ఉంటాయి. వాటి మీద పడి తిరిగొచ్చే వెలుగులో మన కంటికి చేరేది నీలం. అందుకే చేప తిరిగినప్పుడల్లా రంగు మారుతుంది. నెమలికంఠం రంగు పట్టుచీరను షాపులో వెలుగు వైపు తిప్పి చూస్తాం కదా, అచ్చం అలాగే. సాయంత్రం ఎల్ఈడీ కింద ఇదే చేప ఒకే ముద్ద నీలంగా ఉంటుంది. క్లౌన్ ఫిష్ నారింజ రంగు కూడా పొద్దుటి ఎండలోనే అసలు రంగుకి వస్తుంది. నీలం ఎక్కువున్న మెరైన్ లైట్ల కింద అదెప్పుడూ ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది నాకు.

ఇసుక మీద పాకే వెలుగు గీతలు చివరగా వస్తాయి, సూర్యుడు కాస్త పైకెక్కి నీటి మీద నుంచి వెలుగు లోపలికి దిగడం మొదలయ్యాక. పంపు మూతిని నీటి పైభాగం వైపు కొద్దిగా ఎత్తితే చిన్న అలలు లేచి గీతలు చక్కగా వస్తాయి. మబ్బుంటే రావు. సూర్యుడి బింబం చిన్నది కాబట్టే గీతలు అంత పదునుగా పడతాయి, మబ్బు పట్టి ఆకాశమంతా వెలుగైతే ఇసుక మీద అంతా ఒకటే తెలుపు.

ఈ ఏర్పాటంతా ఒకసారి చేసి వదిలేస్తే కుదరదు, సూర్యుడు ఒకచోట ఉదయించడు కదా. హైదరాబాద్‌లో డిసెంబరుకీ జూన్‌కీ మధ్య సూర్యుడు ఉదయించే చోటు దాదాపు 50 డిగ్రీలు జరుగుతుంది, ఆగ్నేయం వైపు నుంచి ఈశాన్యం వైపు. సంక్రాంతి రోజుల్లో ఆరూ ముప్పావుకి తెల్లవారుతుంది, జూన్ మొదట్లో ఆరు కాకుండానే. మా గోడ మీద చలికాలపు పెన్సిల్ గీత గడియారానికి కుడి పక్కన ఉంటే, వేసవిది ఎడమన దేవుడి ఫొటోల దాకా పోయింది. రథసప్తమి దాకా నలభై ఐదు నిమిషాలూ పూర్తిగా రానిస్తాను. ఆ తర్వాత ఎండ ముదిరేకొద్దీ తగ్గిస్తూ, ఏప్రిల్, మే నెలల్లో పదిహేను నిమిషాలే, అదీ పల్చటి కర్టెన్ మీంచి. వానాకాలం ఏది దొరికితే అది. అక్టోబరు, నవంబరు పొద్దులు అన్నిటికన్నా బాగుంటాయి, ఆకాశం కడిగినట్టుంటుంది, వేడి ఉండదు. ఉత్తరం కిటికీ దగ్గర ట్యాంకు పెట్టినవాళ్ళు మాకేం భయం అనుకోకండి. మే 9 ప్రాంతం నుంచి ఆగస్టు 3 ప్రాంతం దాకా మన ఊళ్ళో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపు నుంచే పోతాడు.

వేడి లెక్క ఒకటి మనసులో పెట్టుకోండి. మా సైజు ట్యాంకు అద్దం మీద పొద్దుటి ఎండ గంటసేపు సూటిగా పడితే నీళ్ళు ఒక డిగ్రీ దాకా ఎక్కుతాయి. ముప్పావుగంటకి అంతకంటే తక్కువే. చలికాలంలో దాన్ని పట్టించుకోను. కానీ రెండో ఏడు ఏప్రిల్లో మా చెల్లెలి గృహప్రవేశానికి విజయవాడ వెళ్ళాం. ఇంట్లో మావాడొక్కడే ఉన్నాడు. పొద్దున కర్టెన్ తీశాడు, పడుకున్నాడు. పదింటిదాకా ఎండ. ఆ మధ్యలో కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయాయి. ఫోన్ చేసి "అమ్మా, థర్మామీటర్ 31.5 చూపిస్తోంది, మంచిదేనా?" అని అడిగాడు. మంచిది కాదు. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, పంపు కూడా లేదు. నేనొచ్చేసరికి పాత రొయ్య, ఒక గోబీ చేప పోయాయి. వాణ్ణేమీ అనలేదు, కర్టెన్ మీద కాగితం అంటించి వెళ్ళాల్సింది నేను. ఇప్పుడు ఇన్వర్టర్‌కి ఒక చిన్న ఎయిర్ పంపు కలిపి ఉంచాను.

చల్లబరచడానికి చిల్లర్ కొనక్కర్లేదు. కోఠీ గుజరాతీ గల్లీలో కంప్యూటర్లకు వాడే 12 వోల్టుల ఫ్యాన్లు రెండు తెచ్చి, నీటి మీదుగా గాలి కొట్టేలా బిగించాను. మన కూలర్ పనిచేసే పద్ధతే. ఒక లీటరు నీళ్ళు ఆవిరైతే మా 150 లీటర్లను నాలుగు డిగ్రీలు దింపేంత వేడి పట్టుకుపోతుంది. ఏప్రిల్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాగా పనిచేస్తుంది. వానలు పడి గాలిలో తేమ పెరిగితే కూలర్ లాగే ఇదీ మొరాయిస్తుంది, అప్పటికి ఎండలూ తగ్గుతాయి. ఆవిరయ్యేవి నీళ్ళే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. కాబట్టి తగ్గినదానికి ఉప్పు కలపని డీఐ నీళ్ళే పోయాలి. ఉప్పునీళ్ళు పోసి ట్యాంకును ఊరగాయ చేసినవాళ్ళు నాకు తెలుసు. అద్దం మీద మార్కర్‌తో గీత గీసి, రోజూ ఆ గీతకి నింపండి. వేసవిలో నాకు రోజుకి మూడు లీటర్లు పడుతుంది.

నాచు గురించి భయపెట్టినంత లేదు, అలాగని అస్సలు లేదనీ అనను. ఎండ ఒక్కటే నాచును పుట్టించదు. దానికి తిండి కావాలి, ఆ తిండి మనం వేసే మేతలోంచి వచ్చే నైట్రేటు, ఫాస్ఫేటు. నైట్రేటు లీటరుకి 10 మిల్లీగ్రాముల లోపు ఉంచితే ముప్పావుగంట ఎండకి వచ్చే నాచు వారానికి రెండుసార్లు అయస్కాంతం స్క్రేపర్‌తో పోతుంది. మేత రోజుకి ఒక్కసారే, రెండు నిమిషాల్లో తినేంత. కీటోమార్ఫా ఉండ ఆ నైట్రేటునే తిని పెరుగుతుంది. నెలకోసారి పిడికెడు పీకి పారేస్తే, దాంతోపాటు ఆ నైట్రేటూ బయటికి పోయినట్టే. కనీసం ఎండ ఇచ్చినంతసేపైనా ఎల్ఈడీలో కోసేయండి. నేను తొమ్మిది గంటల నుంచి ఏడుకి తగ్గించాను, మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పది వరకు.

కిటికీ తీసే అలవాటున్నవాళ్ళకు ఒక హెచ్చరిక. వీధిలోకి దోమల ఫాగింగ్ బండి వస్తే చప్పుడు వినపడగానే కిటికీ మూసేయండి. దోమల కాయిల్స్, ప్లగ్గులో పెట్టే లిక్విడ్లు కూడా ఆ గదిలో వద్దు. వాటిలో ఉండే పైరెత్రాయిడ్ మందులు చేపలకు ప్రమాదం, రొయ్యలకు ఇంకా ప్రమాదం. అద్దాలు తుడిచే స్ప్రే కూడా వాడకండి, కొన్నిటిలో అమ్మోనియా ఉంటుంది. పాత బనీను గుడ్డ డీఐ నీళ్ళలో తడిపి పిండి తుడిస్తే ఉప్పు చారికలన్నీ పోతాయి. ఎండలో చిన్న గీత కూడా కనిపిస్తుంది కాబట్టి అద్దానికి ఇసుక రేణువు అంటిన స్క్రేపర్ తగలనివ్వకండి.

ఫొటోలకైతే ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను అద్దానికి ఆనించి, స్టూలు వైపు నుంచి తీయండి. నల్ల చొక్కా వేసుకుంటే అద్దంలో మీరు పడరు.

ఊరెళ్ళేటప్పుడు మాత్రం మందపాటి కర్టెన్ వేసి, రెండు అంచులూ బట్టలారేసే క్లిప్పులతో గ్రిల్‌కి పట్టించి వెళ్తాను. పక్క ఫ్లాట్ ఆంటీకి తాళం ఇస్తే, రోజూ గీత దాకా నీళ్ళు పోస్తారు. మేత పొట్లాలు రోజుకొకటి కట్టి పెడతాను, డబ్బా ఇవ్వను. డబ్బా ఇస్తే ఆవిడ పాపం ఆకలేస్తుందేమోనని మూడు పూటలా వేస్తారు.